వెచ్చని తోలు

తోళ్లు నానేసే లందలోంచి తోలును పైకి లాగి నాపరాయి మీద పరిచాడు కృపావరం. మోకాలు ఆనించి, రెండు అరచేతులతో ఈ అంచు నుంచి ఆ అంచుకు నెట్టుకుంటూ తంగేడు చెక్క నీళ్లు పిండుతున్నాడు. ముప్పై అయిదేళ్లుగా పొద్దున్నే చేసే పనే. ఆ నీళ్ల రంగు గోళ్లలోకి ఎక్కి ఎప్పుడో స్థిరపడిపోయింది. ఆదివారం గుడికి పోయేటప్పుడు కుంకుడుకాయతో ఎంత రుద్దినా అది వదలదు, ఆయనా పట్టించుకోడు. చచ్చిన గొడ్లను మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే బెత్తెడు కిందికి జారింది. మనిషి పొట్టి, మాట తక్కువ. కృపావరం ఎట్లాంటివాడని ఊళ్లో ఎవరినైనా అడిగితే 'తోలు బాగా పదును చేస్తాడు' అంటారు. అంతకు మించి చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచదు.

పిండుతున్న తోలు ఆవుది, పలచన. చెప్పులకు పనికొస్తుంది గాని మోటకు పనికిరాదు. ఊళ్లో రైతు నాగయ్య మోటబావికి నీళ్లు తోడే తోలు తొండం చిరిగి పది రోజులైంది. కొత్తది కుట్టి ఇమ్మని రోజూ కబురు. దానికి బర్రె తోలు కావాలి. ఈ ఎండాకాలం ఊళ్లో ఒక్క బర్రె చావలేదు. అందుకు సంతోషించాలా, దిగులు పడాలా? గొడ్డు చావకూడదని ఊరంతా కోరుకుంటుంది. గొడ్డు చస్తేగాని ఊరికి చెప్పులు లేవు, తొండాలు లేవు, తనకు కళ్లంలో కూలి కింద కొలిచే మేర గింజలు లేవు. ఈ చిక్కుముడి ఆయన బుర్రకు ఏనాడూ విడలేదు.

గుడిసె నీడలో సుందరరావు పెట్టె సర్దుకుంటున్నాడు. ఒక్కడే కొడుకు. మద్రాసులో పశువైద్యం చదువుతున్నాడు, మూడో ఏడు. సెలవులు అయిపోయాయి. మధ్యాహ్నం గురజాల స్టేషన్లో బండెక్కాలి. వీడు బడిలో అన్నిటా ముందుంటే, పంతులు అవుతాడనుకున్నాడు కృపావరం. పాస్టరు అయినా బాగుండు. చదువుకుని గొడ్ల వాసన నుంచి బయటపడతాడనుకుంటే, వాడు మద్రాసు దాకా పోయి గొడ్ల చదువే చదువుతున్నాడాయె! "దానికి మద్రాసెందుకురా? నా దగ్గర కూకుంటే రాదా?" అన్నాడు ఒకసారి. కొడుకు పొట్టచెక్కలయ్యేట్టు నవ్వాడు. ఆయన నవ్వించడానికి అనలేదు.

"కృపావరం! ఓ కృపావరం!"

నాపరాళ్ల దడి అవతల నాగయ్య పాలేరు కొండలు నిలబడి ఉన్నాడు, పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతూ. ఆ ఇంటి చూడి బర్రె రాత్రి నుంచి నొప్పులు పడుతోందని కృపావరానికి తెలుసు. చేతులు తుడుచుకుని తోలు ఒలిచే రంపె కత్తి అందుకున్నాడు.

"పోయిందా?"

"పోలా. కత్తి ఆడ పెట్టు. కబురు నీకు కాదు, నీ కొడుక్కి. గురజాల డాకటేరు మాచర్ల కాంపుకి పోయాడంట. ఈనలేక చస్తాంది బర్రె. మీ వోణ్ణి ఒకపాలి చూడమంటుండాడు అయ్య."

కృపావరం చేతిలో కత్తి చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇంటి నుంచి ఇన్నేళ్లలో ఎన్ని కబుర్లు వచ్చాయో, బతికున్న గొడ్డు కోసం మాత్రం ఒక్కటీ రాలేదు. సుందరరావు అప్పటికే పెట్టెలోంచి సబ్బు, సూదుల డబ్బీ, సన్నతాడు తీస్తున్నాడు.

"వద్దురా అయ్యా," అన్నాడు కృపావరం. "బండి అందదు."

"అందుద్దిలే నాయనా."

"అది కాదురా." కొండలుకు వినపడకుండా దగ్గరికి వచ్చాడు. "అది నీ చేతిలో చచ్చిందనుకో. తోలెవురింటికొస్తది? మనింటికి. కొడుకు పొడిచాడు, తండ్రి ఒలిచాడు అంటారు. మీ తాతనేం జేశారో ఎరగవా?"

ఎరగకేం. కృపావరానికి ఏడేళ్లప్పటి మాట. ఊళ్లో వరసగా తొమ్మిది ఎద్దులు చచ్చాయి. గురిగింజలు నూరి సూది చేసి, తోళ్ల కోసం ఎద్దులను పొడిచాడని వాళ్ల నాయనను బండిచక్రానికి కట్టారు. నాయన ఆ ఎద్దుల దగ్గరికే పోలేదు. పదో ఎద్దు ఆయన చక్రానికి కట్టి ఉండగానే చచ్చింది. అప్పుడు విప్పారు. తప్పయిపోయిందని ఎవరూ అనలేదు. వారం తిరక్కుండా ఆయన్ను కట్టినవాళ్లే చెప్పులు తెగాయని కబురు పంపితే, నాయన పోయి కుట్టి వచ్చాడు. ఎందుకు పోయాడో కృపావరానికి ఈనాటికీ అర్థం కాదు.

"పొడిచేదేం లేదు నాయనా. దూడ అడ్డం తిరిగుంటది. సరిజేసి లాగాల. ఇప్పుడు పోకపోతే బర్రె ఎట్టాగూ చస్తది."

పోతే ఒక భయం, పోకుంటే ఒక పాపం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కత్తి గుడిసె చూరులో దోపి, కొడుకు వెనకాలే నడిచాడు కృపావరం.

నాగయ్య ఇంటి దగ్గర ఒక చిత్రం జరిగింది. కొండలు వెనకాలే సుందరరావు వీధి వాకిట్లోంచి లోపలికి పోయాడు. కృపావరం కాళ్లు వాటంతట అవే పెరటి వైపు తిరిగాయి. దడిలో రెండు రాళ్లు తీసిన సందు ఉంది, చచ్చిన గొడ్లను ఈడ్చే దారి. అందులోంచి దూరి ఆయన కొట్టంలోకి వచ్చేసరికి కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ సిగ్గేసింది.

బర్రె పక్కకు ఒరిగి పడి ఉంది. నల్లటి పెద్ద బర్రె, రెండో ఈత. నాలుక బయటికి వేలాడుతోంది. నాగయ్య అరవై ఏళ్ల మనిషి, కరుకైనవాడే గాని రాత్రంతా నిద్ర లేక కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. కృపావరం కొడుకును 'నువ్వు' అనాలో, 'మీరు' అనాలో తేలక, గోడకు చెప్పినట్టు "చూస్తే బాగుండు" అన్నాడు. ఆయన భార్య నరసమ్మ మాత్రం తిన్నగా "చూడు అబ్బాయ్, దీన్నెట్టన్నా బతికించు" అంది.

సుందరరావు చొక్కా విప్పి, చేతులు సబ్బుతో కడిగి, భుజం దాకా ఆముదం రాసుకున్నాడు. నేలమీద బోర్లా పడుకుని చేయి లోపలికి పెట్టాడు. కృపావరం చూడలేక తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న కళ్లు పోయి బర్రె వీపు మీద ఆగాయి. ఎంత తోలు! మచ్చ లేదు, వాత లేదు. తొండానికి తొండం, ఇంకా నాలుగు జతల చెప్పులు. అనుకున్నాక గాని ఏమనుకున్నాడో తెలియలేదు. ఛీ, ఛీ, ప్రభువా, ఇదేం పాడు బుద్ధి! కొడుకు దాని ప్రాణం కోసం బురదలో పడి ఉంటే తను దాన్ని అప్పుడే ఒలిచేశాడు.

"దూడ పోయింది," అన్నాడు సుందరరావు. "మెడ వెనక్కి మడిచింది. తల అందుతాంది గాని తిరగట్లా. ఏందో అడ్డం తగులుతాంది."

గడియసేపు పెనుగులాడాడు. చెమట కళ్లలోకి కారుతోంది. బర్రె ఒకసారి మూలిగి మెడ వాల్చేసింది. నరసమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నాగయ్య కృపావరం వంక చూశాడు. ఆ చూపులో ఏముందో ఏమో గాని కృపావరానికి బండిచక్రం కనపడింది.

"నాయనా," పిలిచాడు కొడుకు, తల ఎత్తకుండానే. మద్రాసు చదువు లేదు ఆ గొంతులో, చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే పిలిచిన గొంతు. "పుస్తకంలో ఉండేది ఆవు లెక్క. బర్రెకి లోపల తుంటెముక ఎట్టా ఉంటది?"

ఆయనను ఈ జన్మలో ఎవరూ ఏదీ అడగలేదు. చెప్పులెప్పుడిస్తావని అడిగారు గాని, నీకేం తెలుసని అడగలేదు. ముప్పై అయిదేళ్లలో ఎన్ని బర్రెలను విప్పి చూశాడో! లోపల ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ వంగుతుందో ఆయన చేతులకు తెలుసు, నోటికే తెలియదు. కూర్చుని, బర్రె తుంటి మీద అరచేయి ఆనించాడు. ఉలిక్కిపడ్డాడు. తోలు వెచ్చగా ఉంది. తోలు వెచ్చగా ఉంటుందని ఆయనకు తెలియదు మరి. అరచేతి కింద అది వణికింది.

"ఈడ," అన్నాడు, వేలితో గీత గీస్తూ. "ఎముక లోపలికి పొడుసుకొచ్చి ఉంటది. దీని కిందగా తిప్పమాక. దూడని ఇంకా లోపలికి నెట్టు, నెట్టి పైనుంచి తీసుకురా. పైన జాగా ఉంటది."

సుందరరావు నెట్టాడు. పైకి తెచ్చాడు. "వచ్చింది, వచ్చింది, తల వచ్చింది!" దవడకు తాడు బిగించి బయటికి విసిరితే నాగయ్య, కొండలు, కృపావరం ముగ్గురూ ఒకే తాడు పట్టుకుని లాగారు. ఎవరు ఎవరిని తాకుతున్నారో చూసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. చచ్చిన దూడ జారి గడ్డిలో పడింది. పెయ్యదూడ.

బర్రెకు చిరిగినచోట సుందరరావు వంకరసూదితో కుట్లు వేశాడు. కృపావరం ఆ కుట్టును చూశాడు. ఒకటి ముందుకు, అర వెనక్కి. అది ఆయన చెప్పుల కుట్టే. మద్రాసులో కూడా ఇట్లాగే నేర్పుతారా, వీడు తన దగ్గర చూసిందే కుడుతున్నాడా?

ఝాము గడిచేసరికి బర్రె లేచింది. వణుకుతూనే నాలుగు కాళ్ల మీద నిలబడి కుడితి తాగింది. నరసమ్మ ఆనందం పట్టలేక ఇంట్లోంచి నులకమంచం తెచ్చి వాకిట్లో వాల్చింది. వాల్చి, దాన్నీ, ఆ ఇద్దరినీ చూసి, అక్కడే ఆగిపోయింది. కూర్చోమనాలో వద్దో ఆమెకు తెలియలేదు. సుందరరావు తండ్రి వైపు చూశాడు. తండ్రి నిలబడే ఉన్నాడు. కొడుకూ కూర్చోలేదు. మంచం ఎండలో ఉత్తగా పడి ఉంది.

"అదేందో గాని," అంది నరసమ్మ, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుని, "గొడ్డు చస్తే మీకేం బెట్టాలో మా అత్త నాకు చెప్పింది. బతికితే ఏం బెట్టాలో చెప్పలా."

నాగయ్య కూడా మనసారా సంతోషించాడు. "చదువైపోంగానే ఉజ్జోగం గురజాలకి రాయించుకుంటే సరి. మనోడే గదరా కృపావరం! కబురంపితే సాలు, వెనకదారిన వచ్చి చూసి పోతాడు." ఆ మాటలో కల్మషం లేదు. ఉంటే కోపమైనా వచ్చేది. "దూడని పట్టకపో. సాయంత్రానికి తోలుదూడ కట్టి తీసకరా. లేకుంటే బర్రె చేపదు."

దూడ చస్తే దాని తోలులో గడ్డి కూరి బర్రె ముందు నిలబెడతారు. తన బిడ్డే అనుకుని నాకి, పొదుగు వదిలి, పాలిస్తుంది.

గురజాల దారిలో ఎండ నిప్పులు చెరుగుతోంది. పెట్టె నెత్తిన పెట్టుకుని కృపావరం ముందు నడిచాడు. తను మోస్తానన్నా కొడుక్కి ఇవ్వలేదు. దూరంగా స్టేషన్ కనపడింది.

"గురజాలకి రాయించుకుంటావా?" అడిగాడు కృపావరం.

"లేదు నాయనా. యాడికన్నా దూరం అడుగుతా. మనమెవురమో ఎరగని ఊరు."

"మమ్మల్ని రమ్మంటావా ఆడికి, నన్నూ మీ అమ్మనీ?"

సుందరరావు తండ్రి చేతుల వంక చూశాడు, ఆ గోళ్ల వంక. చూపు తిప్పుకున్నాడు. "చూద్దాంలే నాయనా," అన్నాడు మెల్లగా.

అర్థమైంది కృపావరానికి. జీవితంలో మిగతావన్నీ అర్థం కాకపోయినా ఇది చప్పున అర్థమైంది. "మంచిదేలే అయ్యా. దూరమే మంచిది," అన్నాడు. బండి వచ్చింది. కొడుకు వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఎన్నడూ లేనిది, పాస్టరు వద్దన్న పని. బండి గుంటూరు వైపు పోయింది.

వాడు ఈ వాసనకు దూరంగా పోవాలని కోరుకుంది తనే. ఏళ్ల తరబడి మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేసింది దానికే. అడిగింది అడిగినట్టు దొరికాక, గుండెను ఎవరో లందలో ముంచి పిండుతున్నట్టు ఎందుకుందో ఆయనకు ఎంతకీ తెలియలేదు. దారంతా ఏడ్చాడు. ఇంటికి వచ్చాక భార్య మార్తమ్మ "బండందిందా?" అని అడిగితే "అందింది" అన్నాడు.

పొద్దు వాలుతుండగా దూడను ఒలిచాడు. వరిగ గడ్డి కూరి, కాళ్లకు కర్రలు దూర్చి, చెప్పులు కుట్టే ఆరెతో పొట్ట కుట్టాడు. భుజాన వేసుకుపోయి బర్రె ముందు నిలబెట్టి, పెరటి సందు దగ్గర ఆగాడు. బర్రె మూతి చాచి వాసన చూసింది. ఆగింది. మళ్లీ చూసింది. దానికి తెలిసిందో, తెలిసి కూడా పోనీలే అనుకుందో, మెడ దగ్గర నాకడం మొదలుపెట్టింది.

"చేపింది, చేపింది!" అంది నరసమ్మ, చెంబు మోకాళ్ల మధ్య బిగించుకుంటూ.

గడ్డిదూడ గుంజకు ఆనుకుని, నాకినచోట నల్లగా తడిసి, ఒక చెవి పక్కకు వాలి, నిలబెట్టినచోటే నిలబడి ఉంది.