మొలకు తగిలించిన చొక్కా

ఏలీయా రోజూలాగే చొక్కా విప్పి, రెండుసార్లు దులిపి, సరుకు కిందికి జారే హాపరుకూ ఇనుప పెట్టెకూ మధ్య సందులో ఉన్న మొలకు తగిలించాడు. సిమెంటు ఫ్యాక్టరీ మొత్తంలో దుమ్ము పడని చోటు అదొక్కటే. భార్య మరియమ్మ ఇస్త్రీ చేసిన చొక్కాను మాపుకోవడానికి అతనేం దొరబాబు కాదు. బనీనుతో కిందికి దిగి, హాపరు గొంతులో ఇరుక్కున్న, సిమెంటుగా పిండి చేసే క్లింకరు గడ్డలను గునపంతో పొడవసాగాడు. పదిహేడేళ్లుగా కాంట్రాక్టు కూలీగా ఇదే పని. ఈరోజు మధ్యాహ్నం పర్మనెంటు కాగితం మీద సంతకం. ఆళ్లగడ్డ చర్చిలో సాయంత్రం కృతజ్ఞత కూడిక కూడా పెట్టించింది మరియమ్మ.

ఆ ఇనుప పెట్టెలో శనగగింజంత సీసియం ఉంది. దాని కిరణం హాపరు గుండా దూరి అవతలి మీటరుకు తగులుతుంది. మూత తీయకుండానే లోపల సరుకెంతో చెప్పేస్తుంది. అందుకే రేడియేషన్ కొలిచే బిళ్లను చొక్కాకు పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాడు. చొక్కా ఒంటి మీదే ఉండాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పదకొండింటికి సేఫ్టీ ఆఫీసరు గిరీశ్ పిలిపించాడు.

"పోయిన మూడు నెలల నీ బిళ్ల రిపోర్టు వచ్చింది. ఏడాదికి ఉండాల్సిన హద్దుకు ఐదింతలు చూపిస్తాంది. ఇంక నిన్ను పనిలో పెట్టుకోలేం."

"నాకు యాడ తగిలింది సార్? ఆ పెట్టెకాడ మొలకుండేది చొక్కా. నేను కింద పని చేస్తాండా."

గిరీశ్‌కు విషయం అర్థమైంది. నిజం రాస్తే ఆ సందుకు కంచె వేయించని తప్పు తన నెత్తికి చుట్టుకుంటుంది. కక్కలేక మింగలేక సతమతమయ్యాడనుకుంటున్నారేమో. అంత శ్రమ పడలేదు, వెంటనే మింగేశాడు.

"నీ మంచికే చెప్తాండా. ఇంటికాడుండి ఆరోగ్యం చూసుకో."

"రక్తం తీసి చూడండి సార్. ఏమన్నా ఉంటే నేనే పోతా. ఈ పొద్దు సంతకం కదా సార్..."

"పర్మనెంటు లిస్టులో నీ చోట్లో నీతోటి కూలీ జోసెఫ్ పేరు ఎక్కించినారులే."

పేదవాడి కోపం పెదవికి చేటంటారు. ఏలీయా పెన్ను అందుకున్నాడు. అనారోగ్యం వల్ల మానేస్తున్నానని రాసున్న కాగితం మీద సంతకం చేశాడు. పదిహేడేళ్లు ఎదురుచూసిన సంతకం అలా అయిపోయింది.

గేటు బయట కమలాక్షమ్మ టీ బంకుకు కబురు అతనికంటే ముందే చేరింది. ఆమె టీ ఇచ్చి రెండడుగులు వెనక్కి జరిగింది.

"తాగినాక గ్లాసు ఆ గోడ మీద పెట్టు అన్నా. అందరూ తాగే గ్లాసుల్లో కలపొద్దు. ఏమీ అనుకోవద్దప్పా, అంటుకుంటాదంట."

అంటుకోదని చెప్పబోయి ఆగిపోయాడు. తాతకు టీకొట్లలో విడి గ్లాసు ఉండేదని నాయన చెప్పగా విన్నాడు. తన దాకా వస్తుందనుకోలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. నంద్యాల వైపు నుంచి ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. గ్లాసు ఆమె చూపించిన చోటే పెట్టి ఎక్కేశాడు.

మర్నాటికీ ఆ గ్లాసును ఎవరూ ముట్టలేదు. అడుగున మిగిలిన టీలో సిమెంటు దుమ్ము పడి గట్టిపడింది.