పెద్దలు: ఒకరు

"జపాన్‌లో ఆ పార్కు టికెట్లు నువ్వే తియ్యి. ఫోన్ పనులు నీకొచ్చుగా" అన్నాడు దేవేంద్ర, రెండో పెసరట్టులో ఉప్మా పెట్టించుకుంటూ. "పెద్దవాళ్ళవి రెండు. నాకూ, నానికీ."

ధనశ్రీ చేతిలో అట్లకాడ ఒక్క క్షణం ఆగింది. మరిది నాని ప్లేటులో అల్లం పచ్చడి వేసి, అత్తగారికి మెత్తటి అట్టు తీసి, మళ్ళీ పెనం మీద పిండి పోసింది. బేరం ఎటు పోతోందో తేలేదాకా నోరు తెరవకూడదని పంతొమ్మిదేళ్ళుగా షాపులో నేర్చుకుంది.

"రైడ్ల దగ్గర ఫొటోలు తీసి నీకు పంపిస్తాలే వదినా" అన్నాడు నాని.

"దానికెందుకురా ఫొటోలు, అదేమన్నా చిన్నపిల్లా?" అంది అత్తగారు హనుమాయమ్మ. "అయినా ఆ చలి దానికి పడదు. పైగా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్తే షాపు ఎవరు చూస్తారు?"

చలి పడనిది హనుమాయమ్మకి. కానీ ఆ ఇంట్లో పడనివన్నీ అవసరాన్ని బట్టి కోడలి ఖాతాలోకి వచ్చేస్తుంటాయి.

వాళ్ళది వన్‌టౌన్‌లో చీరల షాపు. సూరత్ నుంచి సరుకు పంపే కంపెనీ, ఏడాదిలో అనుకున్నన్ని చీరలు అమ్మిన షాపులకి టూరు ఇస్తుంది. ఈసారి జపాన్. షాపుకి ఇద్దరు. విమానం, హోటలు, తిండి అంతా కంపెనీదే. ఆఖరి రోజు మాత్రం ఎవరిష్టం వాళ్ళది, పార్కుకి వెళ్ళేవాళ్ళు టికెట్లు సొంతంగా తీసుకోవాలి. మరి ఆ చీరలు అమ్మిందెవరు? శ్రావణమాసమంతా నడుంనొప్పికి బెల్టు కట్టుకుని, ఒక్కో బేరానికి ముప్ఫై నలభై చీరలు విప్పి భుజాన వేసి చూపించి, నచ్చలేదని లేచినవాళ్ళని గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి పిలిచి అమ్మింది ధనశ్రీ. దేవేంద్ర పదకొండింటికి వస్తాడు, బోణీ అందుకుంటాడు, అసోసియేషన్ పనుందని వెళ్ళిపోతాడు. బోణీ మాత్రం ఆయన చేతి మీదే జరగాలి. ఆడచేతి బోణీ అచ్చిరాదని హనుమాయమ్మ పెట్టిన కట్టడి అది. ఎవరైనా పొద్దున్నే చీర కొంటే వాళ్ళకి కూల్‌డ్రింక్ ఇచ్చి, ఆయన బండి చప్పుడు వినపడేదాకా కూర్చోబెట్టాలి. ఊరికే కూర్చోరు కాబట్టి కబుర్లు చెప్పాలి. ఆ కబుర్లు కూడా ధనశ్రీయే చెప్పాలి. తర్వాత రోజంతా ఆడచేతిలో ఎన్ని నోట్లు పడినా షాపుకి ఏ చెడూ జరగలేదు. మొదటి నోటుకే మగచెయ్యి కావాల్సి వచ్చింది.

అంత జాగ్రత్త గల మనుషులు ఒక్కచోట ఏమరుపాటు పడ్డారు. ఆడవాళ్ళ పేరు మీదైతే లోను తేలిగ్గా వస్తుందని, తొమ్మిదేళ్ళ క్రితం షాపు రిజిస్ట్రేషన్ ధనశ్రీ పేరుకి మార్చారు. గుమ్మం మీద బోర్డు 'శ్రీ దేవేంద్ర శారీస్' అనే ఉంది. కంపెనీ నుంచి వచ్చిన టూరు ఉత్తరంలో మాత్రం 'ప్రొప్రయిటర్ ధనశ్రీ గారికీ, వారి వెంట వచ్చే ఒకరికీ' అని ఉంది. ఆ ఉత్తరం చూసి దేవేంద్ర కాసేపు నవ్వాడు. మర్నాడు ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. 'అనారోగ్యం వల్ల నేను రాలేకపోతున్నాను. నా బదులు నా భర్త, మరిది వస్తారు.'

"నాకేం జబ్బండీ?" అని అడిగింది.

"ఏదో ఒకటి రాయాలి కదే. సంతకం పడెయ్."

ఆ కాగితం షాపులో గల్లాపెట్టె కింద పెట్టుకుంది. సంతకం చెయ్యలేదు, చెయ్యననీ అనలేదు.

టికెట్ల సంగతి వారం రోజులు చదివింది. రెండు నెలల ముందు అమ్మకం మొదలవుతుంది. వాళ్ళకి మధ్యాహ్నం రెండు, మనకి పొద్దున పదిన్నర. తేదీ ముందే ఎంచుకోవాలి. పన్నెండు నిండనివాళ్ళకి ఒక ధర, పద్దెనిమిది నిండినవాళ్ళకి ఒకటి. బయటి దేశాల కార్డులు కొన్ని పని చెయ్యవు. దేవేంద్ర కార్డుకి విదేశీ వాడకం అసలు తెరిచే లేదు. ఆ మాట చెబితే, "ఇప్పుడు బ్యాంకుకి ఎవడెళ్తాడు, నీ కార్డు మీద కొట్టెయ్" అన్నాడు. ఆమె తన కార్డుకి ఫోన్లోనే తెరుచుకుంది. చదువుతూ చదువుతూ ఆ పార్కు మ్యాపు కూడా చూసింది. పడవలు ఏ వాగులో వెళ్తాయో, బొమ్మల ఊరేగింపు ఏ రోడ్డున వస్తుందో, ఎక్కడ నిలబడితే బాగా కనపడుతుందో వెతికింది. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇవన్నీ ఎందుకని ఆమెకే సిగ్గేసింది. సిగ్గుపడుతూనే చూసింది.

పెళ్ళైన కొత్తలో ఇంటిల్లిపాదీ ఎగ్జిబిషన్‌కి వెళ్ళారు. జెయింట్ వీల్ దగ్గర అందరూ చెప్పులు విడిచి ఎక్కారు. ధనశ్రీ కూడా విడవబోతే హనుమాయమ్మ, "నువ్వుండమ్మాయ్, చెప్పులు చూసేవాళ్ళు ఒకరుండాలిగా" అంది. ఏడు జతల మధ్య తన జత వేసుకునే నిలబడింది. పైనుంచి దేవేంద్ర చెయ్యి ఊపాడు. తనూ ఊపింది. ఇంతకుముందు కంపెనీ ఇచ్చిన బ్యాంకాక్ టూరప్పుడు ఆమెకీ పాస్‌పోర్టు చేయించారు. ఆఖరి నిమిషంలో హనుమాయమ్మకి ఒంట్లో బాగుండకపోతే, తోడుగా ధనశ్రీ ఆగిపోయింది. నాని వెళ్ళొచ్చాడు. ఆ పాస్‌పోర్టు ఒక్క ముద్ర కూడా పడకుండా బీరువాలో పట్టుచీరల కింద అంచు నలగకుండా ఉంది.

టికెట్ల అమ్మకం మొదలయ్యే రోజు పదింపావుకి షాపులో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. అప్పటికే మైలవరం నుంచి తల్లీ కూతుళ్ళు పెళ్ళిచీరలకి వచ్చారు. చీరలు విప్పే శౌరమ్మ పదహారేళ్ళుగా ఆ షాపులోనే ఉంది. ఆమె చూపించిన మూడో చీరకే వాళ్ళు మెత్తబడి డబ్బు తీశారు. శౌరమ్మ అలవాటు ప్రకారం కూల్‌డ్రింక్ కోసం లేచింది.

"పదకొండు బస్సుకి పోవాలమ్మా, త్వరగా పంపించెయ్యండి" అంది తల్లి.

"అయ్యగారు వచ్చేస్తారండీ, బోణీ కదా. ఒక్క అరగంట" అంది శౌరమ్మ.

"అరగంటా? మీ అయ్యగారి కోసం మా బస్సు ఆగుద్దా?"

ఫోన్లో పేజీ తెరుచుకుంది. తేదీ నొక్కింది. కింద 'పెద్దలు' అని, పక్కన సున్నా. దాని పక్కన కూడిక గుర్తు. ఒకసారి నొక్కింది. ఒకటి అయింది. రెండోసారి నొక్కడానికి వేలు పైకి లేచింది. దేవేంద్రకి ఒకటి, నానికి ఒకటి. కార్డు తనది, సరుకు అమ్మింది తను, షాపు పేరూ తనదే. జబ్బు కూడా తనదే.

వేలు కిందికి దింపి, కార్డు నంబరు కొట్టింది. ఓటీపీ వచ్చింది. కొట్టింది. తిరుగుతున్న గుండ్రటి గీత ఆగి, గళ్ళ గళ్ళ కోడ్ వచ్చింది. పైన ఆమె పేరు. అదే ఊపులో కంపెనీ టూరు కోసం పంపిన ఫారం ఫోన్లోనే నింపింది. పాస్‌పోర్టు కాపీ జత చేసింది. 'వెంట వచ్చేవారు' అన్న చోట 'ఎవరూ లేరు' అని కొట్టి పంపేసింది.

తర్వాత మైలవరం ఆవిడ ముందు చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండమ్మా."

శౌరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "అమ్మగారూ, బోణీ."

"అవును, బోణీనే" అంది ధనశ్రీ. కళ్ళకద్దుకోకుండా నోట్లు గల్లాపెట్టెలో వేసి మూత వేసింది.

పదకొండింటికి దేవేంద్ర వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, అలవాటుగా చెయ్యి చాపాడు.

"బోణీ అయిందండీ."

"ఎవరు తీసుకున్నారు?"

"నేనే."

ఆయన ముఖం ముడుచుకుంది. బేరగాళ్ళు ఎవరో లోపలికి వస్తుంటే గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్ళాక మాట్లాడతా. టికెట్లు తీశావా?"

"తీశానండీ. ఒకటి."

"ఒకటేనా? మరి నాని ఏం కావాలి?"

ఆ ఒక్కటీ తనది కాదేమోనన్న అనుమానం కూడా ఆయనకి రాలేదు. ధనశ్రీ గల్లాపెట్టె కింద నుంచి సంతకం లేని కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. లేచి, తన కుర్చీ ఆయన వైపు జరిపింది.

"నేను వెళ్ళే ఆ వారం నాని మీ దగ్గరే ఉంటాడు లెండి. మీరు గల్లా దగ్గర కూర్చుంటే" అంటూ గుమ్మం వైపు చూసింది, "చెప్పులు చూసేవాళ్ళు ఒకరుండాలిగా."