నిండు పియాలా

"నీ స్నేహితురాలేగా, మహారాణేం కాదుగా. ఓ చాయ్ పోస్తే సరిపోతుంది," అన్నాడు బురులాయ్ మొగుడు ఎర్మెక్, కాళ్ళ దగ్గరే పడున్న మేజోళ్ళ కోసం ఇల్లంతా వెతుకుతూ.

ఓ చాయ్. ఈ మాట అన్నవాడు జన్మలో ఒక్కసారి కూడా చాయ్ పోసి ఎరగడని వేరే చెప్పాలా. తల్గర్ ఊళ్ళో ఓ చాయ్ అంటే బురులాయ్ పొద్దున్నే లేచి నీళ్ళు మరిగించే సమోవార్ అంటించాలి, బౌర్సాకులని బుట్టెడు పిండి ఉండలు నూనెలో వేయించాలి, ఎండు ద్రాక్షా, జామూ, వెన్నా, రెండు రకాల చక్కెరా బల్ల మీద సర్దాలి. ఇంతలో చుట్టం వచ్చిందని గాలికే తెలిసిపోయి, వీధిలో ఉన్న బంధువులంతా చెప్పులు విప్పుకుంటూ లోపలికొస్తారు. ఇక అప్పుడు మొదలవుతుంది చాయ్.

ఆ చాయ్‌కో పద్ధతుంది. పియాలాలో, అంటే పిడి లేని ఆ చిన్న గిన్నెలో, మూడు గుక్కలకి మించి పొయ్యకూడదు. కొంచెం పోస్తే, కూర్చోండి, మళ్ళీ పోస్తాను అని అర్థం. నిండా పోస్తే, తాగి దయచెయ్యండి అని అర్థం. కాబట్టి చుట్టం మర్యాదంతా కోడలి మణికట్టు మీద నడుస్తుంది. ఒక్కొక్కరి పియాలా పదేసి సార్లు వస్తుంది, పోతుంది. పైగా ఎవరి చాయ్ వాళ్ళది. అత్తగారు కుల్యాష్‌కి డికాషన్ ముదురుగా ఉండాలి, అరచెంచా మీగడ పడాలి. ఎర్మెక్‌కి పాలు ముందు పొయ్యాలి, తర్వాత పోస్తే రుచి చెడిపోతుందట. అత్తగారి ఆడపడుచు రిస్తీకి పలచగా ఉండాలి, కానీ పలచగా పోసినట్టు కనబడకూడదు. పెళ్ళైన కొత్తలో బురులాయ్ ఇవన్నీ రాత్రింబవళ్ళు వల్లె వేసుకుంది. పిల్లల బడిలో వంటమనిషిగా చేరినప్పుడు అరవైమంది పిల్లల చాయ్ ఆమెకి సెలవులా అనిపించింది. వాళ్ళందరికీ ఒకే చాయ్ మరి.

బురులాయ్‌ది కెమిన్. వంటింటి కిటికీలోంచి చూస్తే కనబడే మంచుకొండకి సరిగ్గా వెనక పక్క. "కొండకి అటుపక్క ఊరు కూడా విదేశమేనా?" అని ఎర్మెక్ నవ్వుతాడు. విదేశమే. పాస్‌పోర్టు అడుగుతారు, వరసలో నిలబెడతారు, కొండ చుట్టూ తిరిగి వెళ్ళడానికి ఐదారు గంటలు పడుతుంది. అయినా ఐదారు గంటలేగా అని నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉంది, ఒక్కసారి అమ్మ దగ్గరికి వెళ్ళొస్తానని. మొదటి ఏడు మరిది పెళ్ళన్నారు. రెండో ఏడు ఆవు ఈనుతుందన్నారు. మూడో ఏడు ఆవు ఈనలేదు కాబట్టి కుదరదన్నారు. ఈ ఏడు కారణం చెప్పడం కూడా మానేశారు.

"పుట్టిల్లెక్కడికి పోతుందే?" అంటుంది కుల్యాష్. "జార్కెంట్‌లో నా పుట్టిల్లు అలాగే ఉంది. వెళ్ళి పదకొండేళ్ళయింది. ఏమైనా కరిగిపోయిందా?"

బురులాయ్ వెళ్ళలేదు కాబట్టి నూర్జాతే వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఒకే బల్ల మీద చదువుకున్న నూర్జాత్, ఇప్పుడు కెమిన్‌లో పశువుల డాక్టరు. డబ్బాడు తేనె, గుడ్డలో చుట్టిన వెన్న, గేటు దాకా వినబడే గొంతు. "ఒసే బురూ, మనిషివి సగమయ్యావేంటే," అంటూ గుమ్మంలోనే పట్టుకుని ఊపేసింది. బురులాయ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. బడిలో మూడు రోజులు సెలవు పెట్టింది. మూడు రోజులూ దీంతో కూర్చోవాలి, మాట్లాడాలి, నవ్వాలి. ఇంకేం అక్కర్లేదనుకుంది.

మొదటి రోజు నూర్జాత్‌ని రిస్తీ పక్కన, పెద్దస్థానంలో కూర్చోబెట్టారు. బురులాయ్ సమోవార్ పక్కన, గుమ్మానికి దగ్గరగా. మధ్యలో తొమ్మిదిమంది. స్నేహితురాలు దగ్గరికి రాలేదు, ఆమె పియాలా మాత్రం చేతులు మారుతూ వచ్చి వెళ్తోంది. అటునుంచి పియాలా వచ్చినప్పుడల్లా దాని వెనక నూర్జాత్ కళ్ళెగరేసేది. అంతకు మించి సంభాషణ లేదు.

"నువ్వు డాక్టరువటగా అమ్మాయ్," అంది రిస్తీ, గౌను పైకి లాక్కుంటూ. "ఈ మోకాలు చూడు."

"నేను ఆవులకీ గుర్రాలకీ అత్తా."

"మోకాలు మోకాలే కదా. చూడు."

నూర్జాత్ చూసింది. గుర్రమైతే ఈపాటికి పని మాన్పించి గడ్డి వేసేవాళ్ళం అని చెప్పింది. రిస్తీకి ఆ వైద్యం బాగా నచ్చింది. ఆ మర్నాడు అందరూ తన ఇంటికి రావాలని, చుట్టానికి గొర్రెని కోయిస్తానని ప్రకటించింది. "బురులాయ్ కాస్త పొద్దున్నే వస్తే సరి," అని చివర్లో కలిపింది.

కాబట్టి రెండో రోజు బురులాయ్ ఆ ఇంటి వంటింట్లో పిండి పలచగా ఒత్తుతూ నిలబడింది. నూర్జాత్ చేతులు కడుక్కునే నెపంతో లోపలికి జొరబడి తువ్వాలు అందుకుంది. గిన్నె తుడవబోయేలోగా వెనకే కుల్యాష్ వచ్చేసింది. "అయ్యో, చుట్టం వంటింట్లోకి రావచ్చా? ఊళ్ళో వాళ్ళు నా మొహాన ఉమ్మరూ?" అంటూ తువ్వాలు లాక్కుని, చేయిపట్టుకుని తీసుకెళ్ళిపోయింది. మర్యాదంటే అంత మర్యాద. ఆ మర్యాదకి బురులాయ్ ఎంత కసిగా పిండి ఒత్తిందంటే, అందులోంచి కింద పీట కనబడింది.

ఆ సాయంత్రం చెప్పుల దగ్గర, గుమ్మం చీకట్లో, ఇద్దరికీ సరిగ్గా ఒక నిమిషం దొరికింది.

"అమ్మ ఎలా ఉందే?" అడిగింది బురులాయ్.

నూర్జాత్ మొట్టమొదటిసారి గొంతు తగ్గించింది. "బానే ఉంది. ఇదివరకు నేను ఎప్పుడు కనబడినా మా బురులాయ్ ఎప్పుడొస్తానందీ అని అడిగేది. ఈమధ్య అడగడం మానేసింది."

లోపలి నుంచి ఎర్మెక్ కేకేశాడు, చాయ్ చల్లారిపోయిందని. బురులాయ్ వెళ్ళి పోసింది. అందరికీ వాళ్ళ వాళ్ళ చాయ్ సరిగ్గానే పోసింది. చేతులు వాటంతటవే పోస్తున్నాయి. అడగడం మానేసింది అన్న మాట మాత్రం పియాలా పియాలాకీ మళ్ళీ వినబడుతోంది. ఏడ్చినా బాగుండేది, కోప్పడినా బాగుండేది. మానేసిందంటే ఇక కూతురు రాదని ఒప్పుకుందన్నమాట. బతికున్న కూతురి మీద ఆశ వదులుకుందన్నమాట. నేనేం చచ్చిపోయానా, చాయ్ పోస్తున్నానంతే కదా, అనుకుంది బురులాయ్.

మూడో రోజు పొద్దున బడికి ఫోన్ చేసి సెలవు పొడిగించమంది. పాస్‌పోర్టు కోటు జేబులో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకున్నానో తెలియదని తనకి తనే చెప్పుకుంటూ సమోవార్ అంటించింది.

పదకొండింటికి నూర్జాత్ బస్సు. తొమ్మిదింటికి వీడ్కోలు చాయ్. రిస్తీ అందరికంటే ముందే వచ్చి పెద్దస్థానంలో కూర్చుంది. ఎనిమిది పియాలాలు మూడేసి గుక్కలతో తిరుగుతున్నాయి. వెళ్ళేముందు అందరూ చుట్టానికి మంచి మాటలు చెబుతున్నారు.

"మా కోడలు బంగారం," అంది కుల్యాష్. "నాలుగేళ్ళలో ఒక్కసారి ఎదురు చెప్పలేదు."

"చాయ్ పొయ్యడంలో దాన్ని మించింది ఈ వీధిలోనే లేదు," అంది రిస్తీ. ఆమె నోటి నుంచి పొగడ్త రావడం ఆ వీధి చరిత్రలో అదే మొదలు.

"మా ఇంట్లో ఎవరికి ఏ చాయ్ కావాలో నిద్రలో అడిగినా చెబుతుంది," అన్నాడు ఎర్మెక్ గర్వంగా, ఆ చదువేదో తనే చెప్పించినట్టు.

"అబ్బో," అంది నూర్జాత్. "మరి తను ఏ చాయ్ తాగుతుంది బావా?"

ఎర్మెక్ నోరు తెరిచాడు. సమోవార్ వైపు చూశాడు, అది చెబుతుందేమోనని. "పాలు... కొంచెం ఎక్కువే అనుకుంటా," అన్నాడు.

"దానికేం పట్టింపుల్లేవమ్మా," అని కుల్యాష్ అందుకుంది. "అడుగున మిగిలింది తాగేస్తుంది."

ఎవరూ నవ్వలేదు. అందులో నవ్వడానికేముందో, నవ్వకపోవడానికేముందో కూడా వాళ్ళకి అర్థం కాలేదు. నూర్జాత్ ఒక్కతే చూస్తోంది, సూటిగా.

బురులాయ్ శుభ్రమైన పియాలా ఒకటి తీసింది. డికాషన్ పోసింది, వేడినీళ్ళు పోసింది, పాలు పోసింది. మూడు గుక్కల దగ్గర చెయ్యి ఆగలేదు. సగం దాటింది. పియాలా లోపలి రంగు గీత దాటింది. అంచుదాకా వచ్చి, ఒక్క చుక్క ఎక్కువైతే ఒలికేటట్టు ఆగింది.

గదిలో అందరి చేతులూ గాల్లోనే ఉండిపోయాయి. నిండు పియాలా. ఎవరికి? ఆ ఇంట్లో అలాంటిది ఎవరికీ పోసిన పాపాన పోలేదు. రిస్తీ తన ముందున్న జాగాని అరచేత్తో మూసేసింది. పోయిన వారం తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. ఎర్మెక్ నూర్జాత్ వైపు చూశాడు, చుట్టానికి ఇంత అవమానమా అని చెమటలు కక్కుతూ.

బురులాయ్ లేచి, వంటింట్లోంచి ఉప్పు తెచ్చి, చిటికెడు అందులో వేసి కలిపింది. ఆ ఇంట్లో ఎవరూ ఉప్పు చాయ్ తాగరు. కెమిన్‌లో తాగుతారు. నాలుగేళ్ళలో ఒక్కసారైనా నాకు ఉప్పు చాయ్ కావాలని నోరు విప్పి అనలేకపోయినందుకు ఆ క్షణంలో ఆమెకి తన మీద తనకే భలే కోపమొచ్చింది. పియాలాని తీసుకెళ్ళి తన ముందే పెట్టుకుంది. రెండు చేతులతో ఎత్తి, తొందర లేకుండా, ఆఖరి చుక్కదాకా తాగింది. ఎనిమిదిమంది ఆమె గొంతు కదలడమే చూస్తూ కూర్చున్నారు.

"తాగేశాను," అంది పియాలా బోర్లించి. "నిండు పియాలా తాగినవాళ్ళు బయల్దేరాలి కదా అత్తమ్మా. నేను నూర్జాత్‌తో కెమిన్ వెళ్తున్నాను. పది రోజుల్లో వస్తాను."

"మరి చాయ్?" అన్నాడు ఎర్మెక్. పాపం, నిజంగానే వేరే మాటేదీ తోచలేదతనికి.

"మీ అమ్మకి ముదురు డికాషన్, అరచెంచా మీగడ. పెద్దత్తకి పలచగా, కానీ కనబడకూడదు. నీకు పాలు ముందు. చెయ్యి నొప్పెడితే మార్చుకో, ఎడంచేత్తో పోసినా ఎవరూ చచ్చిపోరు."

కోటు వేసుకుంది. నూర్జాత్ అప్పటికే చెప్పుల దగ్గర ఉంది, పెదాలు బిగబట్టి, నవ్వు బయటికి రాకుండా.

"ఇదేం చోద్యం కుల్యాష్," అని రిస్తీ లేచింది. "నీ కోడలు నీ ముందు నుంచే నడిచి వెళ్ళిపోతుంటే బొమ్మలా కూర్చుంటావా? నువ్వూ మా ఇంటి కోడలివేగా, ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా ఇలా చేశావా? ఏదో ఒకటి అను దాన్ని."

కుల్యాష్ తన పియాలాలోకి చూసుకుంది. అందులో రెండు గుక్కలున్నాయి. తలెత్తకుండానే అడిగింది.

"బురులాయ్, జార్కెంట్ బస్సు కూడా ఆ బస్టాండు నుంచేనా?"