కింది రెప్ప

గంజి వంచుతూ దేవకృప నిలబడే రెండు గుక్కలు తాగేసింది. ఉద్యోగానికి పోయే ఆడదానికి పొద్దున్నే అంతకంటే తీరికెక్కడిది? గుడ్లు రెండే ఉన్నాయి. ఒకటి భర్త జ్ఞానశేఖర్‌కు, ఒకటి కొడుకు ఆర్థర్‌కు. వాడికంటే పెద్దది ఆలిస్, గడప దగ్గర కూర్చుని తమ్ముడి కంచం వైపు చూడనట్టే చూస్తోంది. "మంచి పిల్ల, నోరు తెరిచి అడగదు," అంటుంది అత్త రోసమ్మ. ఆ మాటకు దేవకృప ఎంత మురిసిపోయేదో!

నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం వచ్చిన మరుసటేడు మొదలైన ఆహార సర్వేలో ఆమెది ఉద్యోగం. రెజిమెంటల్ బజార్‌లోని ఇంటి నుంచి రాంగోపాల్‌పేట్ పోయి, ఇల్లిల్లూ తిరిగి, పొయ్యెక్కకముందే బియ్యం, పప్పు తూచి, ఇంట్లో మనిషికింతని సమానంగా పంచి రాయాలి. పద్ధతి అంతే. వండాక ఎవరి కంచంలో ఎంత పడిందని ఎవరూ అడగలేదు, ఆమెకూ తట్టలేదు. "ఊరందరి బియ్యం తూస్తవు, మనింట్ల పప్పుల ఉప్పు చూడవు," అని భర్త వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేది.

ఆ రోజు పై అధికారులు సర్వే చూడటానికి వచ్చారు. వాళ్లలో ఉన్న డాక్టరు సదాశివ, బీడీలు చుట్టే బాలమ్మ కంటి కింది రెప్ప లాగి, "చూశారా, పాలిపోయింది. ఒంట్లో రక్తం లేదు. తిండి చాలని ఇల్లు," అన్నాడు. పక్కన పోల్చి చూపడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలి కదా? "దేవకృపగారూ, ఇటు రండి. ఈమెది ఇద్దరు సంపాదించే ఇల్లు," అంటూ ఆమె రెప్ప లాగాడు. లాగినవాడు చటుక్కున చెయ్యి తీసేశాడు.

బాలమ్మే తొంగి చూసింది. "ఏందమ్మా, మీది గిట్లున్నది? నాదే జెర నయం."

అందరి ముందూ దేవకృపకు చెంప పగిలినట్టయింది. తిండికి లేని ఇల్లా తనది? మరి ఇన్నేళ్లూ తను తిన్నదేమిటి? అడుగంటిన మాడు, కూర ఊడ్చిన గిన్నెలో కలిపిన అన్నం. తినొద్దని ఎవరూ అనలేదు, తిన్నావా అనీ అడగలేదు. ఇలాంటి ఎన్ని కడుపులకు తను కాగితం మీద అన్నం పెట్టిందో! సిగ్గు కంటే ముందు భయం పట్టుకుంది. ఆలిస్.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా కూతురి రెప్ప లాగి చూసింది. తెల్లగా ఉంది. ఆర్థర్‌ది చూసింది. దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. "ఏమైందే?" అన్న అత్తకు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

దీపాలు పెట్టాక, దేవకృప కూరలో ముక్కలు ఏరి మరీ ముందు ఆలిస్‌కు వడ్డించింది. తర్వాత తనకు. చేతులు కడుక్కుని వచ్చిన జ్ఞానశేఖర్ అలాగే నిలబడ్డాడు.

"నేనింక కూర్చోనే లేదు గద, కృపా."

"కూర్చోండి. గిన్నెలు ఇక్కడే ఉన్నాయి," అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

అత్త లేచి వస్తోంది. ఇక మాటలు పడాల్సిందేనని దేవకృప తల ఎత్తలేదు. రోసమ్మ వచ్చి ఆమె ఎదురుగా చతికిలబడి, దీపం దగ్గరికి జరుపుకుని, తన కంటి రెప్ప తనే కిందికి లాగింది.

"నాది సుత చూడు, బిడ్డా."