వరద నీళ్లు కావు

రోసాంద కొట్టు ముందు వుక్మాన్ తనంతట కారు దిగలేకపోయాడు, భార్య యాగొద చెయ్యి పట్టి లాగితే బయటపడ్డాడు. డ్రైవరు సీటు దానంతట అదే ముందుకు జరిగి, అతని పొట్టను స్టీరింగుకు అదిమి బిగుసుకుపోయింది.

"మునిగిన కారు, రోసాందక్కా! వరదలో మునిగినదాన్ని తుడిచి నాకు అంటగట్టాడు వీడు. ఆ మాట కాగితం మీద రాసివ్వు చాలు."

వీడంటే ఒగ్న్యెన్. వుక్మాన్ పెళ్లికి సాక్షిగా నిలబడ్డ కుమ్. ఆ ఊళ్లో కుమ్‌తో తెగతెంపులంటే తోడబుట్టినవాణ్ని వదులుకోవడం కన్నా ఘోరం.

"రాసివ్వక్కా," అన్నాడు ఒగ్న్యెన్ కొట్టు గుమ్మంలోంచే. "నిజమైతే డబ్బు వెనక్కి ఇచ్చేస్తా. కాకపోయినా సరే, దొంగా అన్నాక మళ్లీ వీడి గడప తొక్కను."

"అరుపులు బయట పెట్టుకోండి. సీటుకు చెవుల్లేవు," అంది రోసాంద.

ముప్పై ఏళ్లుగా కార్ల సీట్లు కుడుతోందామె. ఖరీదైన కార్ల జబ్బులు ఆమెకు కంఠతా. ఎక్కి దిగే పక్కన తోలు చిట్లుతుంది. పైకప్పు గుడ్డ జిగురు వదిలి జారుతుంది. మీటలు బంకగా వేళ్లకు అంటుకుంటాయి. ఈ కారులో అవేవీ లేవు. బెల్టును చివరిదాకా లాగింది. బురద చార లేదు. వెనక తలుపు తీసి, ముందు సీటు కిందికి చెయ్యి పోనిచ్చింది. సీటు జరిగే పట్టాలకు తుప్పు లేదు. తివాచీ మాత్రం తడిగా ఉంది, అరచేయంత మేర. వేళ్లు వాసన చూసింది.

"వరద నీళ్లు కంపు కొడతాయి. ఇవి కుళాయి నీళ్లు. ఇవాళ్టివే. ఇందాక ఎక్కడికి బయల్దేరావు నాయనా?"

"ఇంకెక్కడికి, హోటలుకే! అతిథుల్ని తిప్పడానికి ఈ కారు పెట్టుకుంటామన్నారు. రెండింటికి చూపించాలి."

రోసాంద యాగొద వైపు తిరిగింది. "కొత్త పని. శుభం జరగాలని వెనకాల నీళ్లు పొయ్యకుండా ఏ ఇల్లాలు పంపుతుంది? ఎటు పోశావమ్మా?"

యాగొద ముఖం ఎర్రబడింది. "చక్రాల వెనకే పోద్దామని చెంబెత్తాను. ఈయన కళ్లజోడు మరిచానని కారు వెనక్కి తెచ్చాడు. డ్రైవరు వెనక తలుపు అద్దం దించి ఉంది. సగం చెంబు లోపల పడింది. చెబితే అపశకునం అంటాడని..."

"దిగి లోపలికెళ్లాను కదే! అప్పుడైనా చెప్పొద్దూ!"

రోసాంద బ్యాటరీ తీగ విప్పించింది. సీటు కింద దాన్ని కదిలించే కరెంటు పెట్టె ఊడదీసి, తీగల మూతులు స్పిరిటుతో తుడిచి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో అరగంట వేడిగాలి పట్టింది. తిరిగి బిగించి, చేతి మరకలు పడ్డ సీటును తడిగుడ్డతో తుడిచి, మీట నొక్కగానే సీటు మెత్తగా వెనక్కి జరిగింది.

"పెట్టె బతికింది. కాగితం మీద ఏం రాయమంటావు?"

వుక్మాన్ బూట్ల వైపు చూశాడు. "తప్పయింది, కుమే."

"నా ముఖం చూసి చెప్పు."

తలెత్తి చెప్పాడు. ఒగ్న్యెన్ కారు దగ్గరికొచ్చి సీటు తడిమి చూశాడు. ఇంకా చెమ్మగానే ఉంది. ఒంటిమీది కోటు విప్పి దానిమీద పరిచాడు.

"హోటలువాళ్ల ముందుకు తడి ప్యాంటుతో వెళ్తావా ఏంటి? కూర్చో. టైమైపోతోంది."