మూడో పిలుపు

పెరటి గట్టు మీద కూర్చుని, నిమ్మచెక్కను బూడిదలో అద్ది, కంచు తన బిళ్ళను తోముతున్నాడు. బిళ్ళ ఇత్తడిది. కంచు అన్నది మనిషి పేరు. కోర్టు గుమ్మంలో నిలబడి ముప్పై ఒక్క ఏళ్ళుగా కక్షిదారులను పిలిచిన బంట్రోతు గొంతుకు ఎవరో పెట్టిన పేరది. ఆ తర్వాత అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా అవసరం పడలేదు.

బిళ్ళ అరచేతి వెడల్పు ఉంటుంది. మధ్యలో త్రాసు. తోమి తోమి ఒక పళ్ళెం అరిగిపోయింది. సెలవు పెట్టి ఐదు వారాలైనా తోమడం మానలేదు.

"సెలవులో బిళ్ళెందుకండీ, నన్ను పిలవడానికా?" అంది భార్య వంటింటి కిటికీలోంచి. "నోరు తెరిచి ఒక్కసారి పిలవండి, బూడిద నేనే తెచ్చి పోస్తా."

కంచు నవ్వాడు. నవ్వు వినిపించింది. ఆమెకు అంతుపట్టనిది అదే. నవ్వు వినిపిస్తుంది. దగ్గు వినిపిస్తుంది. తుమ్మితే గోడ మీది పిల్లి దూకి పారిపోతుంది. మాటకు మాత్రం పెదవులు కదులుతాయి, గాలి వస్తుంది, అంతే. చెప్పాల్సింది పాత కేసుల జాబితాల వెనక రాసి చూపిస్తాడు. ఏ రోజు జాబితా ఆ సాయంత్రానికి చిత్తు కాగితం. అటక మీద కట్టలు కట్టలున్నాయి. ఐదు వారాల్లో కొన్ని కట్టలు అయిపోయాయి. ఇవాళ చేతికి అందిన కాగితం లాగి రాశాడు: 'పదిన్నరకు డాక్టరు. సాయంత్రంలోగా సర్టిఫికెట్టు.'

ఆ సర్టిఫికెట్టులో జబ్బుకు ఒక పేరు ఉండాలి. పేరు లేని జబ్బుకు ఐదు వారాలకు మించి సెలవు లేదు. ఇప్పటికి ఇద్దరు డాక్టర్లయ్యారు. మొదటాయన పుక్కిలించమన్నాడు. రెండో ఆయన కడుపులో పులుపు పైకి తంతోందని మాత్రలిచ్చి, స్కానింగు తీయించాడు. స్కానింగులో ఏమీ లేదు. ఏమీ లేదన్న మాట విన్నప్పుడు కంచు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. ఇంకో ఏడు నెలల్లో ఉద్యోగ విరమణ.

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బిళ్ళను పట్టీకి బిగించి, సంచిలో వేసుకున్నాడు.

*

మూడో డాక్టరు ఆడమనిషి. చెవి, ముక్కు, గొంతు చూస్తుంది. ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, తెర మీద అతని గొంతును అతనికే చూపించింది. రెండు తెల్లటి తంతులు. తలుపు రెక్కల్లా తెరుచుకుంటున్నాయి.

"దగ్గండి."

దగ్గాడు. రెక్కలు మూసుకుని కొట్టుకున్నాయి.

"'ఆ' అనండి."

రెక్కలు దగ్గరికి వచ్చి, వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయాయి.

"నొప్పి ఉందా?"

"గొంతులో వెలక్కాయ పడ్డట్టుందంటారమ్మా," అంది భార్య. "స్కానింగులో మాత్రం వెలక్కాయ కనపడలేదు."

డాక్టరు నవ్వలేదు. "నిద్రలో మాట్లాడతారా?"

భార్య భర్త వైపు చూసింది. ఈ సంగతి అతనికి ఇంతవరకూ చెప్పలేదు. "పిలుస్తారు. గొంతెత్తి, కోర్టులో పిలిచినట్టే. ఒకసారి పిలుస్తారు, కాసేపాగి రెండోసారి పిలుస్తారు. ఇక పిలవరు. ఆ మూడోదాని కోసం నేను కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నానమ్మా. వస్తే నేనూ నిద్రపోదామని."

డాక్టరు సొరుగులోంచి చెవులకు తగిలించే హెడ్‌ఫోన్లు తీసి అతనికి పెట్టింది. మీట నొక్కింది. రేకుల మీద వాన కొట్టినట్టు చప్పుడు రెండు చెవుల్లోనూ నిండింది. ఆమె అతని జేబులోంచి కాగితం లాగి, అతను రాసిన వైపు కాకుండా అచ్చు వైపు తిప్పి చేతికిచ్చింది. చదవమని సైగ చేసింది.

కంచు పెదవులు కదపసాగాడు. ఒకటో నంబరు, రెండో నంబరు, వాది, ప్రతివాది. తనకు వాన తప్ప ఏమీ వినిపించడం లేదు. మూడో నంబరు దగ్గర భార్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎనిమిదో నంబరు దగ్గర ఆమె ఏడుస్తోంది. పదిహేడో నంబరు చదివాక ఆమె ఏడుపు ఆపి, కుర్చీ వెనక్కి జరుపుకుంది. డాక్టరు కలం పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

డాక్టరు హెడ్‌ఫోన్లు తీసేసింది.

"పదహారు వరకూ మామూలు గొంతుతో చదివారు," అంది డాక్టరు. "పదిహేడోది చదవలేదు. పిలిచారు. రెండుసార్లు. బయట నా కాంపౌండరు లేచి నిలబడ్డాడు. ఎవరాయన?"

"నిద్రలో పిలిచేదీ ఆ పేరే," అంది భార్య.

కంచు కాగితం వైపు చూశాడు. తేదీ చూశాడు. అటక మీద ఇన్ని కట్టలుండగా ఇవాళ చేతికి వచ్చింది ఆ రోజు జాబితా. 'ఎవరూ లేరు' అని పెదవులతో అన్నాడు.

"మీ గొంతుకు ఏమీ కాలేదు. మనసు మీద పట్టలేనంత బరువు పడ్డప్పుడు కొందరికి చెయ్యి పడిపోతుంది, కొందరికి చూపు పోతుంది. మీకు మాట పోయింది. ఇది దొంగ జబ్బు కాదు. దీనికి పేరుంది, రాస్తాను. మీ ఉద్యోగానికి ఢోకా లేదు."

రాసింది. ముద్ర వేసింది.

"మందమ్మా?" అంది భార్య.

"మందు నా దగ్గర లేదు. ఎక్కడ ఆగిపోయారో అక్కణ్ణించే మొదలుపెట్టాలి. అదెక్కడో ఆయనకే తెలుసు."

*

కోర్టుకు నడిచి వెళ్ళారు. ఎండకు భార్య గొడుగు పట్టింది. ఆమె కోర్టు మెట్ల కిందే ఆగింది, అతను ఒక్కడే పైకెక్కాడు.

పదిహేడో నంబరు ఒక ముసలాయనది. తమ్ముడు చనిపోతే చావుల పుస్తకంలో అన్న పేరు ఎక్కించారు. తాను బతికే ఉన్నానని రాయించుకోవడానికి ఆయన కోర్టుకు వచ్చాడు. పొద్దుటి నుంచి బల్ల మీద కూర్చుని, భోజనాల వేళకు కాస్త ముందు కారిడార్ చివరి పంపు దగ్గరికి నీళ్ళకు వెళ్ళాడు. గుమ్మం నుంచి పంపుకు నలభై రెండు అడుగులు. కంచు తర్వాత కొలిచాడు.

పిలుపుకు ఒక పద్ధతి ఉంది. కక్షిదారు పేరు, తండ్రి పేరు, చివర "ఉన్నారా..." అని సాగదీయాలి. మూడుసార్లు పిలవాలి. మూడోదానికీ పలక్కపోతే కేసు కొట్టేస్తారు. ఆ రోజు మొదటిసారి పిలిచాడు. కారిడార్ చివర చేతికర్ర నేలకు తగిలిన చప్పుడైంది. రెండోసారి పిలిచాడు. కర్ర చప్పుడు కాస్త దగ్గరైంది. లోపల న్యాయమూర్తి గడియారం చూశాడు. బెంచి గుమాస్తా కలంతో, చాల్లే అన్నట్టు సైగ చేశాడు.

"మూడుసార్లూ పిలిచావా?" అన్నాడు న్యాయమూర్తి.

"పిలిచానండి," అన్నాడు కంచు.

కేసు కొట్టేశారు. తలుపు తెరిచేసరికి ముసలాయన అయిదడుగుల దూరంలో ఉన్నాడు. చొక్కా మీద నీళ్ళు పడి ఉన్నాయి. "మూడోది ఎప్పుడు పిలిచావు బాబూ? నా లెక్క రెండే. నా మోకాళ్ళకు మూడు పిలుపుల సేపు పడుతుంది."

"పిలిచాను తాతా."

"పిలిచే ఉంటావులే. నేను లేనుగా మరి," అని ఆయనే నవ్వి, కర్ర తాటించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

పదకొండు రోజుల తర్వాత, ఒక మంగళవారం, మరెవరినో పిలుస్తుండగా మూడో పిలుపు దగ్గర కంచు గొంతు ఆగిపోయింది.

*

బెంచి గుమాస్తా సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "భలే పేరే దొరికింది జబ్బుకు. పలకడానికే నోరు తిరగదు. సాయంత్రం ఫైల్లో పెడతా."

కంచు దాన్ని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. జాబితా తీసి పదిహేడో నంబరు మీద వేలు పెట్టి చూపించాడు. గుమాస్తా అన్నం డబ్బా మూత మళ్ళీ బిగించాడు.

"ఆయన కోడలొచ్చింది మొన్న. పోయాడట పాపం. చావు రాయించుకుందామని వెళ్తే, ఈయనది ఎప్పుడో రాసేశాం, ఒక మనిషికి రెండు చావులు రాయలేమన్నారట. చూశావా తమాషా? ఉన్నప్పుడు ఉన్నట్టు కాదు, పోయాక పోయినట్టూ కాదు."

'ఎప్పుడు?' అని రాశాడు కంచు.

"మంగళవారమట. అయిదు వారాలైంది. భోజనాల ముందు." గుమాస్తా లేచాడు. "మూడోసారి పిలవలేదని ఎవరైనా రాసిస్తే తప్ప ఆ కేసు మళ్ళీ లేవదు. ఎవరు రాసిస్తారు చెప్పు? రాసిచ్చినవాడి ఉద్యోగం ఉంటుందా? ఏడు నెలలు కళ్ళు మూసుకో కంచూ." డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దాటుతూ వెనక్కి చూడలేదు.

కంచు ఖాళీ కోర్టు గదిలో కూర్చున్నాడు. జాబితా వెనక, పొద్దున రాసిన వాక్యం కింద రాశాడు: 'పదిహేడో నంబరును రెండుసార్లే పిలిచాను. మూడుసార్లు పిలిచానని న్యాయమూర్తిగారితో అబద్ధం చెప్పాను.' కింద అసలు పేరు రాశాడు. రాయడానికి క్షణం ఆగాల్సి వచ్చింది.

సంచిలోంచి బిళ్ళ పట్టీ తీసి భుజాన వేసుకున్నాడు. గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. కారిడార్ ఖాళీగా ఉంది. చివర పంపుకు 'నీళ్ళు రావు' అని అట్ట వేలాడదీసి నాలుగు రోజులైంది. గొలుసుకు కట్టిన గ్లాసు గట్టు మీద బోర్లించి ఉంది.

పేరు. తండ్రి పేరు. "ఉన్నారా..."

గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఆగాడు. రెండోసారి పిలిచాడు. ఆగాడు. గొంతులో తంతులు వెంట్రుకవాసి దూరంలో నిలబడి ఉండటం తెలుస్తోంది. మూడోసారి పిలిచాడు.

ఎవరూ పలకలేదు. నలభై రెండు అడుగులు నడిచి రావడానికి పట్టేంతసేపు నిలబడ్డాడు. తర్వాత తలుపు రెక్క తెరిచి పట్టుకుని, ఎవరో లోపలికి వెళ్ళడానికి దారి ఇచ్చినట్టు పక్కకు జరిగాడు. అలవాటు అది. లోపలికి వచ్చి, కాగితాన్ని న్యాయమూర్తి బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద పట్టీలోంచి ఊడదీసిన బిళ్ళ పెట్టాడు. సర్టిఫికెట్టు జేబులోనే ఉంచుకున్నాడు.

మెట్ల కింద భార్య నిలబడే ఉంది.

"విన్నానండీ," అంది. "మూడూ విన్నా."

కంచు ఆమె చేతిలోంచి గొడుగు తీసుకున్నాడు.

"అయినా ఏం మనిషండీ మీరు. ఆ పెద్దాయన 'ఉన్నా బాబూ, వస్తున్నా' అని అంతలా అంటుంటే, మళ్ళీ మళ్ళీ పిలుస్తారేం? కర్ర చప్పుడు కింద నాకే వినిపిస్తోంది, పక్కనున్న మీకు వినిపించలేదూ?"

కంచు మెట్ల పైకి చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"పద," అన్నాడు. గొంతు బాగానే ఉంది. ఇద్దరూ గేటు దాటి వెళ్ళిపోయారు.

భోజనం ముగించి బెంచి గుమాస్తా వచ్చేసరికి బల్ల మీద కాగితం ఉంది, కాగితం మీద బిళ్ళ ఉంది. కారిడార్ చివర, ఎండిపోయిన పంపు పక్కన, గ్లాసు గట్టు మీద లేదు. గొలుసు చివర వేలాడుతూ మెల్లగా ఊగుతోంది. దాని అంచు నుంచి నీళ్ళు చుక్క చుక్కగా నేల మీద పడుతున్నాయి.