పెద్దోడికి మేకు

"ఆ మేకు దిగ్గానే బ్యాటరీ నీ మొహం మీదే పేలితే?"

క్యారియర్ మూత తీస్తూ అమ్మ ఆ మాట అనేసింది. అప్పటికింకా ఏమీ జరగలేదు.

"పేలదే అమ్మా. పేలదని చూపించడానికే గుచ్చేది."

"పేలనిదాన్ని గుచ్చడమెందుకు?"

కూతురు నవ్వింది. నవ్వితే ఎడమ కనుబొమ ఉండాల్సిన చోటు బోసిగా కనిపించింది. బ్యూటీపార్లర్ పిల్ల చెయ్యి జారిందని ఇంట్లో చెప్పింది. కనుబొమతో పాటు ముంగురులు కూడా మాడ్చే పార్లర్ ఎక్కడుందో అమ్మ అడగలేదు. అడిగితే నిజం చెబుతుందేమోనని భయం.

యూనివర్సిటీలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల చేసిన బ్యాటరీలు చొక్కా గుండీలంత ఉండేవి. వాటితో అమ్మకు పేచీ లేదు. అక్కడ పాఠాలు చెప్పిన మేష్టారూ, ఈ పిల్లా కలిసి కంపెనీ పెడతామంటూ మూతబడిన ప్రింటింగ్ ప్రెస్సు అద్దెకు తీసుకున్నాకే గుండీ కాస్తా పలకంత అయింది. దానికి వీళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు పెద్దోడు. ఇవాళ బళ్ళు తయారు చేసే కంపెనీ వాళ్ళు వచ్చి లోపల కూర్చున్నారు. వాళ్ళ కళ్ళ ముందు పెద్దోడిలోకి మేకు దిగాలి, మంట రాకూడదు.

"వస్తే?" అంది అమ్మ.

"మళ్ళీ యూనివర్సిటీకెళ్ళి గుండీలు కుట్టుకోవడమే," అన్నారు మేష్టారు, చేతులు తుడుచుకుంటూ. తన జోకుకు తనే నవ్వలేకపోయారు.

"ఆ మేకు దించే మీటేదో ఇంకెవరైనా నొక్కకూడదా మేష్టారూ?"

"పెంచింది తనేగా అమ్మా. ఇంకొకర్ని చెయ్యి వెయ్యనివ్వదు."

ఇద్దరూ లోపలికెళ్ళాక ఇనుప తలుపు మూసుకుంది. బయట బెంచీ మీద అమ్మ, పక్కన ఇసుక బకెట్టు. ఈ రకం మంటకు నీళ్ళు పనికిరావట, ఇసుకే పొయ్యాలట. నీళ్ళకే లొంగనిదాన్ని చేతులారా పెంచుకోవడమేమిటో!

చిన్నప్పుడు కూతురు స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో తలుపు మూస్తే అమ్మ బయట నుంచి "ఉన్నావా?" అనాలి, లోపలి నుంచి "ఉన్నా" అని వినబడాలి. ఇంత చదువు చదివినా ఆ పిల్లకు దాన్నుంచి విముక్తి దొరకలేదు. "ఇవాళొక్కరోజూ అరవకే తల్లీ, పరువు పోతుంది" అని పొద్దున్నే ఒట్టు వేయించుకుంది.

లోపల మిషన్ గుర్రుమంది. ఏదో టప్పుమంది. ఆ వెంటనే మేష్టారి గొంతు: "పొగ..." మిగతా మాట ఇనుము మింగేసింది.

అమ్మ బకెట్టు ఎత్తుకుని తలుపు దగ్గరికి పరుగెత్తింది. గడియ లోపలి వైపు ఉంది. ఒట్టూ గిట్టూ గాల్లో కలిసిపోయాయి.

"ఉన్నావా?"

తలుపుకు చెవి ఆనించింది.

"ఒసేయ్, నిన్నే! ఉన్నావా?"

బకెట్టుతో తలుపు బాదింది. ఇసుక చెప్పుల్లోకి జారింది. తలుపు సందున ముక్కు పెట్టి పీల్చింది. పాత సిరా వాసన. అదేనా, ఇంకేమైనా ఉందా? పొగ వాసన ఎలా ఉంటుందో ఎంతకీ గుర్తు రాలేదు. మిగిలిన ఆ ఒక్క కనుబొమే కళ్ళ ముందు ఆడింది. కంపెనీ పోతే పోనీ దేవుడా, గుండీలు కుట్టుకునైనా బతుకుతుంది.

ఈసారి చల్లటి ఇనుముకు నుదురు ఆనించి, పెదవులతోనే అడిగింది.

"ఉన్నావా?"

లోపల గడియ కదిలింది.

"ఉన్నానే అమ్మా," అంది కూతురు, బొంగురు గొంతుతో. "పొగ రాలేదు. పెద్దోడూ ఉన్నాడు."